మెడంతా కోయాలా, రెండు గ్రంథులు తీస్తే సరిపోతుందా?

నాలుక అంచున రెండు సెంటీమీటర్ల పుండు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. డాక్టర్ మెడంతా తడిమి చూశారు, ఎక్కడా బిళ్ల కట్టలేదు. అల్ట్రాసౌండ్‌లోనూ సీటీ స్కాన్‌లోనూ అనుమానించాల్సిందేమీ కనిపించలేదు. పుండును కోసి తీయాలనడంలో ఎవరికీ పేచీ లేదు. మరి మెడ సంగతేమిటి? నోటి క్యాన్సర్ ముందుగా పాకేది మెడలోని లింఫు గ్రంథులకే. ఇప్పటికే కొద్దిపాటి కణాలు అక్కడికి చేరి ఉంటే అవి చేతికి తగలవు, స్కాన్‌కు అందవు.

ఈ ప్రశ్నకు గట్టి సమాధానం ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి నుంచే వచ్చింది. అనిల్ డిక్రూజ్ బృందం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ట్రయల్‌లో, తొలిదశ నోటి క్యాన్సర్ ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పుండుతో పాటే మెడ గ్రంథులూ తీసేశారు. రెండో గుంపుకు పుండు మాత్రం తీసి, మెడలో గడ్డ తేలితే అప్పుడు కోద్దామని ఆగారు. మూడేళ్ల లెక్కలో మొదటి గుంపులో 80 శాతం మంది బతికి ఉన్నారు, రెండో గుంపులో 67.5 శాతం. ఆ తేడా చూశాక, ఆగి చూద్దామనే వాదనకు బలం లేకుండా పోయింది.

అదే ట్రయల్‌లో అంతగా చర్చకు రాని అంకె ఇంకొకటుంది. ముందే మెడ కోసినవాళ్లలో గ్రంథుల్లో క్యాన్సర్ నిజంగా దొరికింది దాదాపు 30 శాతం మందికే. అంటే పదిమందిలో ఏడుగురికి మెడలోంచి తీసింది మంచి గ్రంథుల్నే.

పోనీ తీస్తే ఏం పోయిందనుకోవడానికి అది చిన్న పని కాదు. మెడ చర్మాన్ని పైకి లేపి, కింది దవడ అంచు నుంచి దిగువకు కొవ్వునూ గ్రంథుల్నీ కలిపి ఒలిచినట్టు తీస్తారు. భుజాన్ని ఎత్తే కండరానికి వెళ్లే నరం ఆ దారిలోనే ఉంటుంది. నరాన్ని తెగకుండా కాపాడినా, దాన్ని అటూ ఇటూ జరిపి పనిచేసినందుకే కొందరికి నెలల తరబడి చెయ్యి తలపైకి లేవదు. జడ వేసుకోవడం, అటక మీది డబ్బా దించడం కష్టమైపోతాయి. కింది పెదవిని కదిలించే సన్నని నరం దెబ్బతింటే మూతి ఒక పక్కకు లాగినట్టవుతుంది. గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్న ముగ్గురికి ఇదంతా ప్రాణం కోసం భరించాల్సిన కష్టం. మిగతా ఏడుగురి విషయంలో ఆ మాట అనలేం.

మొదటి మజిలీ

ఆ ఏడుగురు ఎవరో మెడ కోయకముందే పసిగట్టే దారి ఒకటుంది. క్యాన్సర్ కణం పుండు నుంచి బయల్దేరి లింఫు నాళం వెంట పోతే, ఆ నాళం ముందుగా చేరే గ్రంథిలోనే అది చిక్కుకోవాలి. ఆ మొదటి మజిలీనే సెంటినెల్ నోడ్ అంటారు. ఒక్కోసారి ఒకటి కాదు, రెండు మూడు ఉంటాయి. వాటిని మాత్రం తీసి పరీక్షిస్తే, అవి శుభ్రంగా ఉంటే వెనకున్న గ్రంథులూ శుభ్రంగా ఉన్నట్టే లెక్క.

రామోన్ కబానాస్ 1977లో పురుషాంగ క్యాన్సర్ విషయంలో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. అమెరికాలో డోనాల్డ్ మార్టన్ 1992లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు నీలి రంగు ఎక్కించి, రంగు చేరిన గ్రంథిని వెతికి తీసే పద్ధతి చూపించారు. ఆ మరుసటి ఏడే డేవిడ్ క్రాగ్ బృందం నీలి రంగు బదులు రేడియోధార్మిక మందు వాడి రొమ్ము క్యాన్సర్‌లో అదే పని చేసింది. రొమ్ము క్యాన్సర్‌లో ఈ పద్ధతి ఎంతగా పాతుకుపోయిందంటే, 5,611 మంది మహిళలతో జరిపిన ఎన్ఎస్ఏబీపీ బీ-32 ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాక, సెంటినెల్ గ్రంథి శుభ్రంగా ఉంటే చంకలోని గ్రంథులన్నీ తీయాల్సిన అవసరం లేదన్నది తిరుగులేని విషయమైపోయింది. చంక గ్రంథులు మొత్తం తీసినవాళ్లలో ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది. సెంటినెల్ గ్రంథులతో సరిపెట్టినవాళ్లలో నూటికి ఐదారుగురికే.

నోటి క్యాన్సర్‌లోనూ ఆధారాలు కూడుతూ వచ్చాయి. యూరప్‌లో 415 మంది రోగులతో చేసిన సెంట్ అధ్యయనం 2015లో వెలువడింది. మెడకు పాకిన క్యాన్సర్‌ను నూటికి 86 మందిలో ఈ పద్ధతి పట్టుకుంది. మెడ శుభ్రంగా ఉందని చెప్పిన నూరుమందిలో 95 మందికి ఆ మాట నిజమైంది. 2020లో ఫ్రాన్స్ నుంచి, 2021లో జపాన్ నుంచి వచ్చిన ట్రయల్స్, మెడ మొత్తం కోయడానికీ సెంటినెల్ గ్రంథులతో మొదలుపెట్టడానికీ ఫలితంలో తేడా లేదని చెప్పాయి. ఇంతకాలం ఏకపక్షంగా నడిచిన వాదన మళ్లీ మొదలైంది.

ఈ అంకెలన్నీ ఒక షరతు మీద నిలబడి ఉన్నాయి. సెంటినెల్ గ్రంథి దొరకాలి. దొరికింది అసలైనదే అయి ఉండాలి. ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎక్కడ చేరిందో బొమ్మ తీసి చూపే గామా కెమెరా అవసరం పడేది ఇక్కడే.

చెవికి అందని చోటు

వెతుకులాట ఇలా సాగుతుంది. ఆపరేషన్ రోజు పొద్దున గానీ, ముందురోజు గానీ పుండు చుట్టూ మూడు నాలుగు చోట్ల టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందును సన్నటి సూదితో ఎక్కిస్తారు. మందు రేణువులు నానోమీటర్లలో ఉంటాయి. మరీ చిన్నవైతే గ్రంథిని దాటి ముందుకు వెళ్లిపోతాయి, మరీ పెద్దవైతే సూది గుచ్చిన చోటే కూర్చుంటాయి. నడిమి రకంవి లింఫు నాళంలోకి దిగి మొదటి గ్రంథిలో చిక్కుకుంటాయి. టెక్నీషియం నుంచి వెలువడే గామా కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే సమయం, ఆరు గంటలు. ముందురోజు సాయంత్రం నాలుగింటికి రెండు మిల్లీక్యూరీలు ఎక్కిస్తే మర్నాడు పదింటికి, అంటే పద్దెనిమిది గంటల తర్వాత, ఎనిమిదో వంతు మిగులుతుంది. అంటే పావు మిల్లీక్యూరీ. పని జరగడానికి అది సరిపోతుంది.

మందు ఎక్కించాక న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోని పెద్ద గామా కెమెరా కింద పడుకోబెట్టి బొమ్మలు తీస్తారు. ఈ కెమెరాను హాల్ ఆంగర్ 1950ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీలో తయారుచేశారు. అప్పటి నుంచి మౌలికంగా మారింది తక్కువే. బొమ్మలో గ్రంథి ఉన్నచోట చుక్క కనిపిస్తుంది. దానికి నేరుగా చర్మం మీద పెన్నుతో గుర్తు పెడతారు. ఇప్పుడు చాలాచోట్ల సీటీతో కలిపి త్రీడీ బొమ్మ కూడా తీస్తున్నారు. దానితో గ్రంథి ఏ కండరం పక్కన, ఏ నరం దగ్గర ఉందో ముందే తెలుస్తుంది.

తర్వాత రోగి థియేటర్‌కు వస్తారు. భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వంచి, మెడను ఒక పక్కకు తిప్పుతారు. స్కాన్ తీసినప్పుడు రోగి ఉన్న భంగిమ అది కాదు. పెన్ను గుర్తు చర్మంతో పాటు జరిగిపోతుంది, లోపలి గ్రంథి ఉన్నచోటే ఉంటుంది. అందుకే సర్జన్ చేతిలో ప్రోబ్ ఉంటుంది. పెన్ను కన్నా కాస్త లావైన గొట్టం, కొసన గామా కిరణాల్ని పట్టే చిన్న డిటెక్టర్, చుట్టూ అడ్డుగోడలా టంగ్‌స్టన్. దాని కొస ఎటు తిప్పితే అటువైపు నుంచి వచ్చే కిరణాల్ని లెక్కపెట్టి శబ్దం చేస్తుంది. ఎక్కువ కిరణాలు వస్తే ఎక్కువ మోగుతుంది. చంకలో గ్రంథిని వెతకడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. అక్కడ సూది గుచ్చిన రొమ్ముకూ గ్రంథికీ మధ్య కావాల్సినంత దూరం ఉంటుంది.

నోట్లో ఆ దూరం ఉండదు. నాలుక కింద నోటి అడుగు భాగంలో గానీ, బుగ్గ లోపల దవడ గాడిలో గానీ పుండు ఉంటే, దాని నుంచి దిగే లింఫు ముందు చేరే గ్రంథులు దవడ ఎముక అంచు కిందే ఉంటాయి, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో. ఎక్కించిన మందులో గ్రంథికి చేరేది సాధారణంగా ఒక శాతంలోపే. మిగిలినదంతా పుండు చుట్టూనే కూర్చుంటుంది. ప్రోబ్‌ను దవడ కింద పెట్టగానే పైనుంచి ఆ మోత మోగిపోతుంది. పెట్రోమాక్స్ లైటు పక్కన మిణుగురు పురుగును వెతకడం లాంటి పని. పైగా గామా కిరణాలు కండకు తగిలి దారి మళ్లుతాయి. పుండు దగ్గర పుట్టిన కిరణం ఎక్కడో తగిలి, గ్రంథి వైపు నుంచి వచ్చినట్టే ప్రోబ్‌లో పడుతుంది. నోటి అడుగున పుండు ఉన్నవాళ్లలో ఈ పద్ధతి గురి తప్పడం ఎక్కువని యూరప్ అధ్యయనాలు మొదటి నుంచీ చెబుతున్నది ఇందుకే.

ప్రోబ్‌కు ఇంకో లోపముంది. అది చెప్పేది ఒక సంఖ్య మాత్రమే. ఎదురుగా ఉన్నది ఒక గ్రంథా, ఒకదాని వెనక ఒకటి దాక్కున్న రెండా అన్నది ఆ సంఖ్యలో ఉండదు. అనుభవమున్న సర్జన్ ప్రోబ్‌ను నాలుగు వైపుల నుంచీ తిప్పి ఊహిస్తారు. అనుభవం లేనివాళ్లు టెన్షన్‌లో మొదట మోగిన గ్రంథిని తీసి తృప్తిపడతారు.

చేతికందే కెమెరా

చేతికందే గామా కెమెరా ఆ సంఖ్య బదులు బొమ్మ ఇస్తుంది. ఆసుపత్రిలోని పెద్ద యంత్రం గదంతా ఆక్రమిస్తే, దీని తల బరువు కిలో అటూ ఇటూ. స్పెయిన్‌లోని వలెన్సియాలో ఆంకోవిజన్ సంస్థ తయారుచేసిన సెంటినెల్లా, బెర్లిన్‌లో తయారైన క్రిస్టల్‌క్యామ్, జపాన్ నుంచి వచ్చిన ఈజీ-స్కోప్ ఈ కోవలో పేరున్నవి. సెంటినెల్లాలో సీజియం అయొడైడ్ స్ఫటికం ఉంటుంది. గామా కిరణం తగిలితే అది సన్నగా మెరుస్తుంది, ఆ మెరుపును వెనకనున్న ట్యూబు పట్టి ఎక్కడ తగిలిందో చెబుతుంది. మిగతా రెండింటిలో కాడ్మియం జింక్ టెల్యురైడ్ అనే అర్ధవాహకం కిరణాన్ని నేరుగా విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఈ రెండో రకం కిరణాల శక్తిని మరింత కచ్చితంగా కొలుస్తుంది కాబట్టి, దారి మళ్లి శక్తి కోల్పోయిన కిరణాల్ని వడగట్టడంలో మెరుగు.

గామా కిరణాల్ని కటకంతో వంచలేం. మామూలు కెమెరాతో దీనికున్న అసలు తేడా అదే. ఏ కిరణం ఎటు నుంచి వచ్చిందో తెలియాలంటే మిగతా దిక్కుల నుంచి వచ్చేవాటిని అడ్డుకోవాలి. అందుకు డిటెక్టర్ ముందు సీసం గానీ టంగ్‌స్టన్ గానీ పెడతారు. దానికి సన్నటి సమాంతర రంధ్రాలు బోలెడు ఉండొచ్చు, లేదా ఒకే ఒక్క సూది బెజ్జం ఉండొచ్చు. ఎలా చేసినా వచ్చిన కిరణాల్లో సింహభాగం ఆ లోహంలోనే ఆగిపోతాయి. గ్రంథిలో ఉన్నదే ఎక్కించిన మందులో ఒక శాతంలోపు, అందులో డిటెక్టర్ దాకా చేరేది ఇంకెంతో కొద్ది. బొమ్మ కోసం అరనిమిషం నుంచి నిమిషం దాకా కదలకుండా పట్టుకోవాల్సి రావడానికి కారణం ఇదే.

సూది బెజ్జం ఉన్న కెమెరాను మూడు సెంటీమీటర్ల దూరంలో పెడితే నాలుగు సెంటీమీటర్ల చదరం కనిపిస్తుంది. పదిహేను సెంటీమీటర్ల దూరానికి జరిపితే ఇరవై సెంటీమీటర్ల చదరం, అంటే ఒకవైపు మెడంతా వస్తుంది. అయితే దూరం ఐదు రెట్లు పెరిగితే చుక్క నుంచి చేరే కిరణాలు ఇరవై ఐదో వంతుకు పడిపోతాయి, బొమ్మ మసకబారుతుంది. కాబట్టి ముందు దూరం నుంచి మొత్తం చూసుకుని, ఆ తర్వాత అనుమానమున్న చోటికి దగ్గరగా తీసుకెళ్లడం అలవాటు.

థియేటర్‌లో ఇది ఎలా నడుస్తుందో కాస్త దగ్గర నుంచి చూడటం మంచిది. కెమెరా తలకు పొడవాటి స్టెరైల్ ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. స్టాండు చేతిని లాగి మెడ మీదికి తెస్తారు. మొదటి బొమ్మ నేరుగా పైనుంచి తీస్తే తెర మీద పెద్ద మచ్చ ఒక్కటే కనిపిస్తుంది. అది పుండు చుట్టూ ఉన్న మందు. దాని అంచులో గ్రంథి ఉన్నా మచ్చలో కలిసిపోతుంది. అప్పుడు కెమెరాను గడ్డం కింది నుంచి ఏటవాలుగా పెడతారు, పుండు కెమెరా చూపులోంచి తప్పుకుని గ్రంథులు మిగిలేలా. అదీ కుదరకపోతే పుండు మీద సన్నటి సీసపు రేకు కప్పుతారు. ఇంకో అరనిమిషం. ఈసారి దవడ అంచు కింద చిన్న చుక్క, దాని దిగువన ఇంకొకటి తేలతాయి. తెర మీద చుక్క కనబడినంత మాత్రాన మెడలో అది ఎక్కడుందో తెలియదు కదా, అందుకు చిన్న అయొడిన్-125 గింజ అమర్చిన కర్రను చర్మం మీద నెమ్మదిగా జరుపుతారు. దాని కిరణాల శక్తి వేరు కాబట్టి తెర మీద వేరే రంగులో కనిపిస్తుంది. రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి వచ్చినచోట కోత.

గ్రంథి బయటకు వచ్చాక కెమెరా అసలు పని మొదలవుతుందని చెప్పినా తప్పులేదు. గ్రంథి తీసిన గుంత మీద మళ్లీ బొమ్మ తీస్తారు. చుక్క పోయిందా, పక్కన ఇంకోటి తేలిందా? అన్నిటికన్నా ఎక్కువ మోగిన గ్రంథిలోని కిరణాల కౌంట్‌లో పదో వంతు కన్నా ఎక్కువ ఉన్నవన్నీ తీయాలన్నది చాలామంది పాటించే లెక్క. ప్రోబ్‌తో ఆ లెక్క చూస్తే పుండు నుంచి వచ్చే మోత కలిసి గందరగోళమవుతుంది. బొమ్మలో మిగిలిన చుక్క కళ్లెదుట ఉంటుంది. గది మొత్తానికీ కనిపిస్తుంది కాబట్టి న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ అక్కడే నిలబడి ‘ఇంకోటి ఉంది, కాస్త లోపలికి’ అని చెప్పగలరు.

మిగతా క్యాన్సర్లలో దీని ఉపయోగం ఒకే తీరుగా లేదు. రొమ్ము క్యాన్సర్‌లో ఇది ఎక్కువమందికి అనవసరపు ఖర్చే. అక్కడ ప్రోబ్ బాగా పనిచేస్తుంది, పైగా చంక జోలికే వెళ్లొద్దన్న వైపు గాలి వీస్తోంది. మిలాన్ నుంచి 2023లో వచ్చిన సౌండ్ ట్రయల్ రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా కనిపించినవాళ్లకు సెంటినెల్ బయాప్సీ కూడా మానేసి చూసింది. ఐదేళ్లకు ఫలితం మారలేదు. తల, మెడ మీద వచ్చే మెలనోమాలో మాత్రం నోటి క్యాన్సర్‌లో ఉన్న చిక్కే ఉంటుంది, అక్కడ కెమెరా బాగా అక్కరకొస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో గ్రంథులు కటి లోతుల్లో రక్తనాళాల మధ్య ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో రెనాటో వాల్డెస్ ఓల్మోస్, లెంకా వెర్మీరెన్‌ల బృందం లాప్రోస్కోపీ జరుగుతుండగానే పొట్ట మీద కెమెరా పెట్టి వాటిని వెతికి తీసింది.

పరిశోధన ఎటు నుంచి వస్తుందో ఊహించడం కష్టమనడానికి ఒక ఉదాహరణ. ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అంతరిక్షంలోకి పంపే ఎక్స్‌రే డిటెక్టర్లు తయారుచేసే బృందం, నాటింగ్‌హామ్ వైద్యులతో కలిసి ఇంకో రకం చేతి కెమెరా చేసింది. అందులో మామూలు ఫొటో కెమెరా, గామా కెమెరా ఒకే దిక్కున చూస్తాయి. చర్మం ఫొటో మీదే గామా చుక్క పడుతుంది. గింజ కట్టిన కర్రతో వెతికే శ్రమ ఆ మేరకు తగ్గుతుంది.

పోటీకి ఉన్నవి

ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు ఇప్పుడు బాగా నడుస్తోంది. ప్రత్యేక కెమెరాలో లింఫు నాళం కదులుతున్నట్టే వెలుగుతూ కనిపిస్తుంది, రేడియోధార్మికత గొడవ లేదు. కాకపోతే ఆ వెలుగు సెంటీమీటరు లోతుకు మించి కండను దాటి రాదు. టెక్నీషియం గామా కిరణాల్లో సగం నాలుగున్నర సెంటీమీటర్ల కండ దాటాక కూడా మిగులుతాయి. నెదర్లాండ్స్‌లోని లెయిడెన్‌లో ఫైస్ వాన్ లేయువెన్ బృందం రెండిటినీ ఒకే రేణువుకు కట్టి వాడటం మొదలుపెట్టింది: గామా బొమ్మతో చోటు తెలుసుకోవడం, కోసిన తర్వాత వెలుగుతో గ్రంథిని చూడటం. ఆలోచనగా ఇదే అన్నిటికన్నా తెలివైనదనిపిస్తుంది. నీలి రంగు చవక, కానీ నోట్లో ఎక్కిస్తే పుండు అంచులే నీలమైపోయి ఎంతవరకు కోయాలో కనబడదు. ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు ఫ్లోరోసీన్, మిథిలీన్ బ్లూ అనే రంగులు కలిపి మామూలు నీలి లైటు కింద చంక గ్రంథుల్ని వెతికే చవక పద్ధతి చూపించారు. అది రొమ్ముకు నప్పుతుంది, నోటికి నప్పదు.

కెమెరా గురించిన ఆధారాల్లో ఒక లోటు చెప్పుకోవాలి. వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం చిన్నవి, ఒకే ఆసుపత్రిలో జరిగినవి. కెమెరా వల్ల అదనంగా ఎన్ని గ్రంథులు దొరికాయో చెబుతాయి. అదనంగా దొరికిన గ్రంథి వల్ల రోగి ఎక్కువకాలం బతికారా అన్నది వేరే ప్రశ్న. పైగా అది కెమెరా లేనప్పుడు వదిలేసిన అసలైన గ్రంథి కావచ్చు, లేదా మందు ముందుకు జారి చేరిన రెండో మజిలీ గ్రంథి కావచ్చు. రెండోదైతే తీయడం వల్ల లాభమేమీ లేదు, కోత మాత్రం పెరిగింది. అమ్మకాల కాగితాల్లో ఈ తేడా కనిపించదు.

మన నోళ్ల సంగతి

యూరప్‌లో సెంటినెల్ ఆధారాలు ఎక్కువగా నాలుక, నోటి అడుగు పుండ్ల మీద కూడినవి. మన దగ్గర గుట్కా, ఖైనీ పెట్టుకునేవాళ్లకు వచ్చేది ఎక్కువగా బుగ్గ లోపల, దవడ గాడిలో. శ్రీకాకుళం, విశాఖ తీరాన చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో వస్తుంది. బుగ్గ నుంచి దిగే లింఫు ముందుగా చేరేది దవడ కింది గ్రంథులకే, అంటే పుండు మోత అన్నిటికన్నా ఎక్కువగా అడ్డం పడే చోటికే. అంగిట్లో నడిమధ్య పుండు ఉంటే దారులు రెండు వైపులకూ పోవచ్చు. ప్రోబ్ ఒక్కదానితో ఈ చోట్ల వెతకడం కన్నా బొమ్మ చూసి వెతకడం మేలన్నది లెక్క ప్రకారం తేలే మాటే. ఈ కెమెరాకు ప్రపంచంలో గట్టి అవసరమున్న దేశాల్లో మనది ముందుంటుంది.

అయినా కొని పెట్టేస్తే పని అయిపోదు. మొదటి అడ్డంకి రోగి వచ్చే దశ. సెంటినెల్ పద్ధతి చిన్న పుండ్లకు, మెడలో బిళ్ల లేనివాళ్లకు మాత్రమే. మన ఆసుపత్రులకు వచ్చేవాళ్లలో చాలామంది నోరు తెరుచుకోలేని స్థితిలో, దవడ కింద గడ్డతో వస్తారు. వాళ్లకు ఈ చర్చ మొత్తం వర్తించదు.

రెండోది టెక్నీషియం. అది మాలిబ్డినమ్-99 క్షీణిస్తే పుడుతుంది. ఆ మాలిబ్డినమ్ ఉన్న జనరేటర్ అనే పాత్ర నుంచి రోజూ కాస్త కాస్త తీసుకోవాల్సిన సరుకు. మాలిబ్డినమ్ అర్ధాయువు 66 గంటలు, అంటే వారం తిరిగేసరికి జనరేటర్ నీరసిస్తుంది. వారం మొదట్లో కొత్త జనరేటర్ దిగే ఆసుపత్రిలో శుక్రవారం ఆపరేషన్ పెట్టుకుంటే మందు చాలుతుందో లేదో ముందే లెక్క చూసుకోవాలి. 2009లో మాలిబ్డినమ్ తయారుచేసే కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగిపోయినప్పుడు ప్రపంచమంతా టెక్నీషియం కొరత వచ్చింది. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉన్న న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కూడా ఉండాలి. హైదరాబాద్‌లో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్ లాంటి చోట్ల ఆ విభాగాలున్నాయి. జిల్లా కేంద్రాల్లో నోటి క్యాన్సర్ ఆపరేషన్లు చేసే ఆసుపత్రులకు మాత్రం అది దూరపు మాట. వాడే మోతాదు కొద్దిది కాబట్టి సీటీ స్కాన్‌తో పోలిస్తే రోగికి తగిలే రేడియేషన్ చాలా తక్కువ. ఆ భయం నిజానికి పెద్ద అడ్డంకి కాదు, కాగితాలే అడ్డంకి.

మూడోది పాథాలజీ. కెమెరా ఎంత గొప్పగా వెతికి పెట్టినా గ్రంథిని బ్రెడ్డులా మధ్యకు రెండు ముక్కలు చేసి చూస్తే లాభం లేదు. సెంట్ అధ్యయనంలో గ్రంథిని 150 మైక్రాన్లకు ఒక పొర చొప్పున కోస్తూ పోయి, క్యాన్సర్ కణాల్లో ఉండే కెరాటిన్ అనే ప్రొటీన్‌ను పట్టే ప్రత్యేక రంగులు వేసి చూశారు. ఒక్కో గ్రంథికి పదుల స్లైడ్లు. రోజుకు వందల బయాప్సీలు చూసే ల్యాబ్‌కు ఇది మోయలేని బరువు. ఆ పనికి మనిషి లేని చోట కెమెరా కొనడం తొందరపాటే.

ఇక స్లైడ్లకు రోజులు పడతాయి కాబట్టి ఫలితం ఆపరేషన్ అయిపోయాక వస్తుంది. ఆపరేషన్ జరుగుతుండగానే గ్రంథిని గడ్డకట్టించి కోసి చూసే ఫ్రోజెన్ సెక్షన్ పరీక్ష పెద్ద మచ్చల్ని పట్టుకుంటుంది, నాలుగు కణాల గుంపును తరచూ వదిలేస్తుంది. గ్రంథిలో క్యాన్సర్ తేలితే రోగిని మళ్లీ పిలిచి, రెండు మూడు వారాల్లో మెడ మొత్తం కోయాలి. నగరంలో ఉండేవాళ్లకు ఇది ఇబ్బందే తప్ప అసాధ్యం కాదు. ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచో, పాడేరు వైపు నుంచో కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి కుట్లు మానాయి, నొప్పి లేదు, మళ్లీ ఎందుకు రావాలన్నది సహజంగా వచ్చే ప్రశ్న. తిరిగి రాకపోతే అతను టాటా ట్రయల్‌లోని రెండో గుంపులో చేరినట్టే, 67.5 శాతం ఉన్న గుంపులో. అలాంటి మనిషికి మొదటిసారే మెడ గ్రంథులు తీసి పంపడం పాత పద్ధతి అనిపించుకోవచ్చు గానీ, తప్పు పద్ధతి కాదు. ఏ రోగికి ఏది అన్నది థియేటర్‌లోకి రాకముందే, రోగి ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఎన్ని బస్సులు మారాలో అడిగి తేల్చుకోవాల్సి ఉంటుంది.